ఛార్టమ్మ దస్తూరి

డిపోలో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. డ్రైవర్లకి, కండక్టర్లకి, ఆఖరికి మేనేజరు గారికి కూడా ఆవిడ ఛార్టమ్మే. నూట పన్నెండు మంది డ్రైవర్లలో ఎవరు ఏ రోజు ఏ బస్సు ఎక్కాలో, ఎవరికి ఏ వారం సెలవో రాసిపెట్టే డ్యూటీ ఛార్టు ఆవిడ పని. ఇరవై ఆరేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. ఆ కిటికీకి మనిషి తల పట్టేంత కంత ఒకటి ఉంది. పొద్దున ఎనిమిది నుంచి అందులో తలలు మారుతూనే ఉంటాయి. గురువారం పిల్లకి పరీక్ష అని ఒక తల, నడుం పట్టేసింది కొండదారి బస్సు నావల్ల కాదు అని ఒక తల, పోయిన వారం కూడా తెల్లవారుజాము డ్యూటీ నాకే వేశారు, నా మీద మీకేం పగ అని ఇంకో తల. ఛార్టమ్మ ఎవరినీ కాదనదు, ఎవరికీ సరే అనదు. "చూద్దాం లెండి" అంటుంది. ఆ చూద్దాం లెండి అనడంలోనే తన ఆయుష్షు సగం ఖర్చయిపోయిందని ఆవిడ నమ్మకం.

ఒకప్పుడు ఆ ఛార్టు చేత్తో రాసేది. బల్లంత తెల్ల కాగితం పరిచి, నాలుగు రంగుల సిరాతో, ఒక్క కొట్టివేత లేకుండా. శుక్రవారం మధ్యాహ్నం దాన్ని గోడకి అంటించగానే డ్రైవర్లు మూగేవాళ్ళు. పోట్లాటకి వచ్చినవాడు కూడా కాసేపు నోరు మూసుకుని చూసేవాడు. "ఇంత ముద్దుగా రాసి మమ్మల్ని చావగొట్టడం మీకే చెల్లింది ఛార్టమ్మా" అని ఒక పెద్ద డ్రైవరు అన్న మాట చాలాకాలం డిపోలో తిరిగింది. ఆరేళ్ళ క్రితం కంప్యూటరు వచ్చింది. ఇప్పుడు ఛార్టు మిషన్లోంచి వస్తుంది, అందరి పేర్లూ చీమల బారులా ఒకే లావు, ఒకే ఎత్తు. పోట్లాటలు మాత్రం ఏ మిషనూ తీసేయలేదు. అంటే ఉద్యోగంలో బాగున్న ముక్క పోయి, బాగోలేని ముక్క మిగిలిందన్నమాట. ఇలాంటి లెక్కలు లోకంలో చాలా ఉన్నాయి, ఛార్టమ్మ ఒక్కదానికే జరగలేదు.

అందుకని ఆ దస్తూరి పిచ్చి ఇంటికి వచ్చి చేరింది. మూడు ఫౌంటెన్ పెన్నులు, ఒక రేకు డబ్బాలో అయిదు సిరా సీసాలు, గీతల బదులు చుక్కలున్న కాగితం పుస్తకం ఒకటి. అమ్మే పాళీలు మన అక్షరాలకి సరిపోవు. సన్నం రావాల్సిన చోట లావు వస్తుంది, లావు రావాల్సిన చోట జారిపోతుంది. అందుకని వెడల్పు పాళీని నీళ్ళు చల్లిన సన్న గరుకు కాగితం మీద అరగదీసి తన చేతికి తగ్గట్టు మార్చుకుంది. రెండు పాళీలు పాడయ్యాక గాని మూడోది మాట వినలేదు. తెల్లవారి అయిదున్నర నుంచి ఆరు దాకా, ఇంట్లో ఎవరూ లేవకముందు, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ వారపు పేజీ రాసుకునేది. ఎడమ వైపు ఇంటి పనులు, కుడి వైపు డిపో పనులు. కింద మూలకి ఒక గడి గీసి, దాని మీద ఉన్నవాటిలోకల్లా అందమైన అక్షరాలతో "ఖాళీ" అని రాసేది. ఆ గడిలో ఏ పనీ రాయకూడదని నియమం. బుధవారానికల్లా అందులోకి గ్యాసువాడు, కుళాయి మరమ్మతు, మేనేజరు గారి మీటింగు వచ్చి కూర్చునేవి. పైన మాత్రం ఖాళీ అన్న మాట నవనవలాడుతూ ఉండేది.

ఇంట్లో ఆయన లిఫ్టు మెకానిక్కు. ఏ వేళకైనా ఫోను వస్తుంది, ఎక్కడో ఎవరో రెండంతస్తుల మధ్య ఇరుక్కుని ఉంటారు, ఈయన సంచీ భుజాన వేసుకుని పరుగెత్తాలి. మంచివాడే. కానీ భార్య రాసిన పేజీ కళ్ళ ముందు పెడితే, "ఏం రాశావు" అని అడుగుతాడు తప్ప ఎలా రాశావో చూడడు. చూడటం ఆయనకి చేతకాదు, అంతే. కొందరికి ఈల వేయడం రాదు, అలాగ.

చూసే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే, వదిన. అంటే ఆయన అక్కగారు. భర్త పోయాక పదకొండేళ్ళ క్రితం కుట్టుమిషనుతో సహా తమ్ముడి ఇంటికి వచ్చేసింది. నలభై ఏళ్ళు చొక్కాలు, గౌన్లు కుట్టిన చెయ్యి. మరదలు రాసిన పేజీని కంటికి దగ్గరగా పట్టుకుని కుట్టు చూసినట్టు చూసేది.

"ఈ వరసలో నాలుగో అక్షరం వంగిందే. విప్పి మళ్ళీ కుట్టు."

"అది కాగితం వదినా. విప్పడానికి కుదరదు."

"కుదరకపోతే ముందే ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుట్టాలి."

అలా ఎత్తిపొడుస్తూనే ప్రతి ఆదివారం కొత్త పేజీ కోసం అడిగేది. ఛార్టమ్మకి ఆ ఎత్తిపొడుపులే కావాలి. బాగుంది, చాలా బాగుంది అని పైపైన చెప్పేవాళ్ళు డిపో నిండా ఉన్నారు. నాలుగో అక్షరం దాకా చదివే మనిషి ఈ వదిన తప్ప ఇంకెవరూ లేరు.

రెండేళ్ళ నుంచి వదినకి మతిమరుపు మొదలైంది. ముందు కత్తెర ఎక్కడ పెట్టానని ఇల్లంతా వెతికేది. తర్వాత ఒకే చొక్కాకి రెండు కాలర్లు కుట్టింది. చొక్కా తెచ్చిన పక్కింటాయన నవ్వి ఊరుకున్నాడు గాని, ఛార్టమ్మకి ఆ రోజు ముద్ద దిగలేదు. పైగా బీపీ, షుగరు. పొద్దున ఆరున్నరకి రెండు మాత్రలు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి రెండు. పొద్దునవి ఛార్టమ్మ ఇచ్చి బస్సెక్కుతుంది. తొమ్మిదికి వచ్చే ఆయా మధ్యాహ్నంది ఇస్తుంది. రాత్రివి ఇంట్లో ఉన్నవాళ్ళు ఇస్తారు. ముగ్గురు మనుషులు మాత్రలు ఇస్తున్నప్పుడు ఎవరు ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో తెలియాలి కదా. గళ్ళ డబ్బా ఒకటి కొని చూశారు. వదిన అందులో మాత్రల్ని గుండీలు సర్దినట్టు సర్దింది, తెల్లవన్నీ సోమవారం గడిలోకి, పసుపువన్నీ మంగళవారం గడిలోకి. డబ్బా అటకెక్కింది. మాత్రలు తాళం ఉన్న బీరువాలోకి పోయాయి.

ఆస్పత్రిలో నర్సమ్మ ఒక ఉపాయం చెప్పింది. "ఒక పుస్తకంలో గళ్ళు గీసి పెట్టండి. మందు వేసుకోగానే టిక్కు ఆవిడ చేతనే పెట్టించండి. తన పని తను చేసుకున్నట్టుంటుంది, బుర్ర కూడా కదులుతుంది. గడి ఖాళీగా ఉంటే మందు వేయలేదని అర్థం."

చవక నోటుబుక్కు ఒకటి తెచ్చి స్కేలుతో గళ్ళు గీశారు. వదిన రోజూ ఠంచనుగా టిక్కులు పెట్టింది. పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, మాత్ర మింగి, నీళ్ళు తాగి, టిక్కు పెట్టి, "అయిపోయింది, తీసుకుపో" అనేది. రెండు నెలలు ఏ గొడవా లేదు. నోటుబుక్కు చివరి పేజీకి వచ్చింది.

కొత్త పుస్తకం తనే తయారు చేయాలని ఛార్టమ్మకి ఎందుకు పుట్టిందో చెప్పడం కష్టం కాదు. ఆరేళ్ళుగా తను రాసింది ఎవరికీ పనికి రాలేదు. రోజుకి మూడుసార్లు ఒక మనిషి తెరిచి చూసే పుస్తకం, ఆ మనిషి వదిన. అంతకంటే ఏం కావాలి. మూడు వారాలు, పొద్దుటి అరగంటలన్నీ దానికే పోసింది ఆవిడ. మందపాటి కాగితం కొని, మడిచి, మధ్యలో దారంతో కుట్టింది. ప్రతి పేజీ చుట్టూ కుట్టుగీతలాగ చిన్న చిన్న అడ్డగీతలు వేసింది, వదినకి నచ్చుతుందని. పొద్దున అన్న మాట ఆకుపచ్చ సిరాతో, మధ్యాహ్నం ఇటుక రంగుతో, రాత్రి నీలంతో. కొమ్ములు, గుడులు, ఒత్తులు, అన్నీ కొలిచి తీసినట్టు వచ్చాయి. టిక్కుల గళ్ళకి మూలలు గుండ్రంగా తిప్పింది. డిపోలో ఎనిమిది గంటలు తలలతో మాట్లాడి, సాయంత్రం బస్సులో నిలబడి, వచ్చి వంట చేసి, పడుకుని, మళ్ళీ అయిదున్నరకి లేచి ఇదంతా చేసింది. ఒళ్ళు హూనమైంది. అయినా ఆ మూడు వారాలు ఆవిడ సంతోషంగా ఉంది, అది మాత్రం నిజం.

ఆదివారం పొద్దున పుస్తకం వదిన చేతిలో పెట్టింది. వదిన అంచు పొడుగునా వేలితో తడిమి చూసింది. పేజీ తిప్పింది, వెనక్కి తిప్పింది, అక్షరాలు కంటికి ఆనించుకున్నంత పని చేసింది.

"ఒక్క కుట్టు తప్పలేదే," అంది చివరికి.

పదకొండేళ్ళలో ఆవిడ నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు. ఛార్టమ్మ గబగబా వంటింట్లోకి వెళ్ళి, ఏమీ లేని పొయ్యి మీద ఏదో కలుపుతున్నట్టు నిలబడి, కళ్ళు తుడుచుకుని వచ్చింది.

ఆ రోజు ఇంట్లోనే ఉంది కాబట్టి మూడు పూటలూ మాత్రలు తనే ఇచ్చింది. రాత్రి పుస్తకం మూసేముందు చూస్తే మూడు గళ్ళూ ఖాళీగా ఉన్నాయి. ఒక్క టిక్కు లేదు. పెన్సిలు వదిన చెవి వెనకే ఉంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది, దాచడానికి లేదు. ఖాళీ గడి అంటే ఏమిటో ఆ ఇంట్లో ఛార్టమ్మ కంటే బాగా ఎవరికీ తెలియదు. వదినని లేపి టిక్కులు పెట్టించవచ్చు. లేదా తనే పెట్టవచ్చు. మరిచిపోయి ఉంటుంది, రేపటి నుంచి అలవాటవుతుంది అనుకుంది. అనుకుంది గాని, ఆ పేజీ గీత పడకుండా శుభ్రంగా ఉన్నందుకు ఆవిడకి లోపల హాయిగా అనిపించింది. ఇంకోసారి చూసుకుని, పుస్తకం మూసి, వెళ్ళి పడుకుంది.

సోమవారం ఆరున్నరకి మాత్రలు ఇచ్చి, పుస్తకం తెరిచి ముందు పెట్టింది. "టిక్కు పెట్టండి వదినా."

"పెడతాలేవే. నీ బస్సు పోతుంది, వెళ్ళు."

బస్సు నిజంగానే పోయేలా ఉంది. ఆయన అప్పటికే ఎక్కడో ఇరుక్కున్న లిఫ్టు కోసం వెళ్ళిపోయాడు. ఛార్టమ్మ చెప్పులు వేసుకుని పరుగెత్తింది.

తొమ్మిదికి ఆయా వచ్చింది. నెమ్మదస్తురాలు, చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది గాని తప్పు చదవదు. పుస్తకం తెరిచి చూస్తే పొద్దుటి గడి ఖాళీగా ఉంది.

"పొద్దున మందులు వేసుకున్నారా పెద్దమ్మగారూ?"

"నాకేం గుర్తు? పుస్తకంలో ఉంటుంది చూడు," అంది వదిన.

పుస్తకం చూసింది, బీరువా తాళం తీసింది, రెండు మాత్రలూ మళ్ళీ ఇచ్చింది. పదిన్నరకి వదినకి చెమటలు పట్టాయి. కుర్చీలోంచి లేవబోయి, బల్ల అంచు పట్టుకోబోయి, అది అందక కింద పడిపోయింది.

డిపోకి ఫోను వచ్చేసరికి కంతలో ఒక తల ఉంది. గురువారం సెలవు కావాలని పావుగంట నుంచి నస పెడుతోంది. ఛార్టమ్మ ఫోను పెట్టేసి సంచీ తీసుకుని లేచింది.

"మరి నా గురువారం సంగతి?" అంది తల.

"గురువారం నీ ఇష్టం వచ్చింది చేసుకో," అంది ఛార్టమ్మ. ఇరవై ఆరేళ్ళలో చూద్దాం లెండి కాకుండా ఇంకోమాట అనడం అప్పుడే.

ఆస్పత్రిలో అత్యవసర వార్డు బయట పొడవాటి వరండా. ఆయన చేతులకి గ్రీజుతోనే వచ్చేశాడు. షుగరు బాగా పడిపోయింది, బీపీ కూడా, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు, ఇంకో ఆరు గంటలు గడిస్తే గాని ఏమీ చెప్పలేం అని డాక్టరు చెప్పి లోపలికి వెళ్ళింది. ఆయన ఆయా మీద పడ్డాడు.

"నీకు కళ్ళున్నాయా లేవా? ఒకసారి ఇచ్చిన మందు మళ్ళీ ఎలా ఇస్తావు?"

ఆయా పుస్తకాన్ని గుండెకి అదుముకుని నిలబడింది. పరుగులో దాన్ని కూడా తెచ్చింది, డాక్టరు అడుగుతారని. "గడి ఖాళీగా ఉంది సార్. ఖాళీగా ఉంటే ఇవ్వాలని చెప్పారు. నేను అడిగాను కూడా."

"ఏం అడిగావో ఏం చూశావో. రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆయా ఏడవలేదు. తల దించుకుని పుస్తకం అట్ట మీద పడిన దుమ్ము చేత్తో తుడిచింది. అది ఛార్టమ్మ చూసింది. నోరు మెదపకుండా ఊరుకుంటే ఈ గండం ఆయా నెత్తి మీదుగా పోతుంది. ఆ ఆలోచన ఆవిడకి రాలేదని చెప్పలేం. వచ్చింది. వచ్చి ఒక నిమిషం నిలబడింది కూడా.

"ఆయాది తప్పు కాదండీ," అంది. "నిన్న కూడా టిక్కులు లేవు. మూడు గళ్ళూ ఖాళీగా ఉన్నాయి. నేను చూశాను."

"చూసి?"

"ఊరుకున్నాను."

"ఎందుకు ఊరుకున్నావు?"

ఛార్టమ్మ ఆయా చేతిలోని పుస్తకం వైపు చూసింది. "పేజీ బాగుంది కదా అని," అంది.

ఆయన పుస్తకం ఆయా చేతిలోంచి తీసుకుని, తెరిచి, మొదటిసారి నిదానంగా చూశాడు. గ్రీజు వేలిముద్రలు రెండు ఆకుపచ్చ అక్షరాల పక్కన పడ్డాయి. ఏమన్నా అని ఉంటే బాగుండేది. పుస్తకం ఆవిడకి ఇచ్చేసి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ ఆరు గంటలూ ఛార్టమ్మ వార్డు గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. కూర్చోమని ఆయా రెండుసార్లు చెప్పింది. కూర్చుంటే ఏడుపు వస్తుందని కూర్చోలేదు.

సాయంత్రానికి వదిన కళ్ళు తెరిచింది. ఎక్కడున్నానో, ఎందుకున్నానో తెలియలేదు గాని మరదల్ని గుర్తు పట్టింది. మొహం పీక్కుపోయింది, నోరు మాత్రం అలాగే ఉంది.

"ఏమే, అలా చిక్కిపోయావేం? డిపోలో తిండి పెట్టడం లేదా?"

"వదినా, టిక్కులు ఎందుకు పెట్టలేదు?"

వదినకి సోమవారం గుర్తులేదు, మాత్రలు గుర్తులేవు. పుస్తకం మాత్రం గుర్తుంది. "దాని మీదా? కుట్టకముందు పెడతారే సుద్ద గీతలు. కుట్టు అయిపోయి, ఇస్త్రీ కూడా చేసిన బట్ట మీద ఎవరైనా గీతలు పెడతారా? అంత పని చేశావు. నాకు చెయ్యి రాలేదు."

ఛార్టమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. సూది గుచ్చిన చోట వాచి ఉంది. నేను రాసిన రాత వల్లే ఈ మనిషి పోయేది అనుకుంది. అందులో అతిశయం ఏమీ లేదు, ఉన్నదున్నట్టు అదే.

మూడు రోజులకి ఇంటికి తెచ్చారు. ఆయాని ఆయనే పిలిచి రమ్మన్నాడు. తప్పయిందని అనలేదు గాని, చేతికి టీ గ్లాసు తనే అందించాడు, ఆయనకి తెలిసిన భాష అదే. కుట్టిన పుస్తకం బట్టల పెట్టె అడుగుకి పోయింది. పెన్నులు రేకు డబ్బాలోకి పోయాయి, కడిగి ఆరబెట్టే ఓపిక లేక సిరాతోనే.

మళ్ళీ చవక నోటుబుక్కు వచ్చింది, మళ్ళీ బాల్‌పెన్ను. ఇప్పుడు ఏ సోకూ లేదు. కానీ వదినకి అప్పటికే కన్ను అలవాటు పడింది, మరదలి రాత ఎక్కడున్నా పోల్చుకుంటోంది. బాల్‌పెన్నుతో రాసినా ఆ చెయ్యి ఆ చెయ్యే కదా. వదిన పెన్సిలు తీసుకుని, గడిలో కాదు, గడి బయట మూలకి, సూదిమొన అంత చుక్క పెట్టేది. పెట్టిందో, ఈగ వాలిందో తెలియదు. ఆయా భయపడిపోయి రోజూ తొమ్మిదింటికి డిపోకి ఫోను చేసేది. "అమ్మా, ఇది చుక్కేనా?" చుక్క ఎలా ఉందో ఆయా ఫోనులో వర్ణిస్తుంటే, కంతలో తలలు వింటూ నిలబడేవి. తెల్లవారుజామున లేచి, మాత్రలిచ్చి, చూసి, మళ్ళీ చూసి, బస్సులో సగం దారిలో నిజంగా చూశానా అని గుండె జారి, డిపో చేరేసరికే ఛార్టమ్మకి రోజు అయిపోయినట్టుండేది.

టిక్కు తనే పెట్టేద్దామని ఒక వారం ప్రయత్నించింది. వదిన ఒప్పుకోలేదు. "నా మందులకి నువ్వు టిక్కు పెట్టడమేమిటి? నేను ఉన్నానా పోయానా?" అని పెన్సిలు లాక్కుంది. ఆవిడకి ఇంకా తనదని చెప్పుకోవడానికి మిగిలిన పని అదొక్కటే.

అప్పుడు తట్టింది, రాత బాగుండకూడదని.

చెప్పినంత తేలిక కాదు. వంకరగా రాద్దామని కూర్చుంది. మొదటి రెండు మాటలు వంకరగా వచ్చాయి. మూడో మాటకి చెయ్యి తనంతట తనే సర్దుకుంది. తొందరగా రాసింది, కాగితం కిందా మీదా పెట్టి రాసింది, నిలబడి రాసింది. ఎలా రాసినా తలకట్లన్నీ బుద్ధిగా ఒక వరసలో వచ్చి నిలబడుతున్నాయి. ఎన్నో ఏళ్ళు బతిమాలి దారికి తెచ్చుకున్న చెయ్యి, ఇప్పుడు చెడిపొమ్మంటే చెడదు. చివరికి పెన్ను ఎడమచేతికి మార్చింది.

ఇంట్లో రాస్తే వదిన చూస్తుంది. అందుకని డిపోలో, మధ్యాహ్నం భోజనాల వేళ కిటికీ తలుపు ఓరగా వేసి, పనికిరాని ఛార్టు కాగితాల వెనకవైపు రాసింది. అక్షరాలు ఒకటి ఆకాశంలో, ఒకటి పాతాళంలో. సున్నలు చితికిన బఠాణీల్లా ఉన్నాయి. గళ్ళు ఏ గడీ ఇంకో గడితో కలవలేదు. తాడుతో గుచ్చి నోటుబుక్కు స్థానంలో పెట్టాలని మడుస్తుంటే, ఓరగా ఉన్న తలుపు తోసుకుని కంతలోకి ఒక తల రానే వచ్చింది, ఆ పెద్ద డ్రైవరుదే.

"ఛార్టమ్మా, చెయ్యి విరిగిందా?"

"విరగలేదు. విశ్రాంతి ఇచ్చాను."

ఆ డ్రైవరు వచ్చిన పని కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు వదిన ముందు ఆ కాగితం పెట్టింది. వదిన మొహం చిట్లించింది. మాత్రలు మింగి, నీళ్ళు తాగి, చెవి వెనక నుంచి పెన్సిలు తీసి, గడిలో అడ్డంగా రెండు గీతలు కసిగా గీసింది, గుండీ కుట్టాల్సిన చోట గుర్తు పెట్టినట్టు. గీత కాగితం వెనక్కి కూడా దిగింది. తొమ్మిదింటికి డిపోలో ఫోను మోగలేదు. పది దాటినా మోగలేదు. ఛార్టమ్మ తనే చేసి అడిగింది. "కనపడుతోందమ్మా, గుమ్మంలోంచే కనపడుతోంది," అంది ఆయా, నవ్వుతూ.

రాత్రి ఆయన ఆ కాగితం చూశాడు. "ఇది బాగుంది," అన్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో భార్య రాసినదాన్ని ఆయన మెచ్చుకోవడం అదొక్కసారే. ఛార్టమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియక కంచాలు తీయడానికి లేచింది.

అలా నెలలు గడిచాయి. ఎడమచెయ్యి కూడా మెల్లగా దారికి వస్తోందని గమనించి ఆవిడ హడలిపోయింది. అక్షరాలు తిన్నబడటం మొదలైతే పెన్ను పిడికిట్లో పట్టుకుని రాస్తోంది. పొద్దుటి అరగంట ఇప్పుడు వదిన స్నానానికి పోతోంది. వీపు రుద్ది, తల తుడిచి, బట్టలు తొడిగేసరికి ఆరున్నర. రేకు డబ్బా ఒకసారి తెరిచి చూసింది. సిరా గడ్డకట్టి పాళీ నోరు మూసుకుపోయింది. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి, రెండు రోజులు పడుతుంది. మూత పెట్టేసింది. బాధపడటానికి కూడా తీరిక కావాలి.

మొన్న ఒక పొద్దున వదిన టిక్కు పెట్టి, కాగితం దూరంగా పట్టుకుని చూసింది.

"ఎవరే రాసింది ఈ దరిద్రం?"

ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుందని ఛార్టమ్మ జవాబు సిద్ధం చేసుకునే ఉంది. "డాక్టరు గారు వదినా."

"అదీ సంగతి. వాళ్ళ రాత అంతే తగలడుతుంది." వదిన పెన్సిలు చెవి వెనక పెట్టుకుంది. కాసేపు ఆలోచించింది. ఈ మధ్య ఆవిడకి ఆలోచన ఒకచోట నిలవదు, ఆ రోజు నిలిచింది. "నువ్వు వెళ్ళి ఆ డాక్టరమ్మతో చెప్పవే. మా మరదలు రాస్తుంది, ముత్యాల్లా రాస్తుంది, ఒక్క కుట్టు తప్పదు అని చెప్పు. నీకు సిగ్గయితే నన్ను తీసుకుపో, నేను చెప్తాను."

ఛార్టమ్మ బస్సు టైమయింది. సంచీ భుజానికి తగిలించుకుని, వదిన జుట్టు ఒకసారి సవరించింది.

"చెప్తాను వదినా," అంది.

ఆ పై వారం కాగితం కూడా డాక్టరు గారే రాశారు, డిపోలో, భోజనాల వేళ, ఎడమచేత్తో.